విత్తనం మీద మన్ను

తమ్ముడూ తిప్పన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు మార్చుకున్న పేరు, ఇబ్రహీం అని రాయడానికి నా చెయ్యి ఇంకా రాదు. రాసినా చదివేదానికి నువ్వు లేవు.

ఈ పొద్దు హగరి ఏటి ఒడ్డు చేనులో శనగ విత్తినాము. మన్ను కప్పేదానికి గుంటక తోలుతుంటే పక్కచేను బసప్ప, "ఏమప్పా, నీ తమ్ముడు సాయిబుల్లో కలిసిపాయె. వాళ్ల లెక్కలో నువ్వు కాఫిర్, దేవుణ్ణి నమ్మనోడివంట కదా" అని నవ్వినాడు.

కాలేజీలో సంస్కృతం చెప్పే నువ్వు తప్పులు వెతకాలని అరబ్బీ నేర్చి ఖురాను పట్టుకున్నావు. చదివి చదివి దాన్నే నమ్మినావు. అప్పుడు నేనూ నిన్ను ఇదే అడిగినాను, నీ లెక్కలో నేను కాఫిర్‌నా అని.

"దాంట్లో ఒకచోట ఆ మాటకు రైతు అని అర్థం ఉండాదన్నా. విత్తనాన్ని మన్నుతో కప్పేటోడు" అన్నావు. మాటల గారడీ అనుకుని నీతో మాట్లాడటం మానేసినాను.

ఈ పొద్దు బసప్పకు ఆ అర్థమే చెప్పినాను.

"యాడ విన్యావప్పా ఇది?"

"మా తమ్ముడు చెప్పినాడు. ఖురాను మొత్తం చదివినోడు."

నువ్వు చేసింది నాకు ఇప్పటికీ నచ్చలేదు. అయినా నిన్ను పూడ్చిన రోజు, మీవాళ్లు పిలవకముందే ముందుకు పోయి పిడికెడు మన్ను వేసినాను.

శనగ వారానికల్లా మొలుస్తుంది. ఇన్నేళ్లలో నేను కప్పినవాటిలో మొలవనిది నువ్వొక్కడివే.