ఎడమకి లాగే బండి

ఫిబ్రవరి 2, ఆదివారం

అన్నయ్య గాజువాక నుంచి తన పాత గేమ్ కంట్రోలర్ పంపాడు. స్ట్రోక్ తర్వాత కదలని నాన్న ఎడమ చేతికి కసరత్తుగా పనికొస్తుందని ఆశ. ఫిజియోథెరపీ ఆవిడ స్పాంజి బంతి ఇస్తే నాన్న దాన్ని కిటికీలో పెట్టేశాడు. నానేటి, సిన్న గుంటడినా అన్నాడు.

కొత్త వస్తువు ఏది ఇంట్లోకొచ్చినా అమ్మ బొట్టు పెట్టకుండా వదలదు. మిక్సీకి పెట్టింది, నా కంప్యూటర్‌కి పెట్టింది. దీనికీ తడి పసుపు దట్టంగా రాసి, ప్రతి బటన్‌కీ కుంకుమ బొట్టు పెట్టింది. కంట్రోలర్ పెళ్ళికూతురిలా తయారైంది.

ఫిబ్రవరి 3

కంట్రోలర్ నా కంప్యూటర్‌తో కలవలేదు. మధ్య బటన్ నొక్కితే లైటు వస్తుంది, కాసేపు మిణుకుమంటుంది, ఆరిపోతుంది. అన్నయ్యకి ఫోన్ చేశాను. అది నా రూమ్‌లో ఉన్న గేమ్ బాక్స్‌ని ఎతుక్కుంటందే, దానికింకా ఇదే ఇల్లు అన్నాడు.

అంటే ఇది ఇక్కడ చోడవరంలో మా మంచం మీద పడుకుని గాజువాకని పిలుస్తోందన్నమాట. ఆ ఒక్క మాట పట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుండిపోయాను. ఆఫీసు పని ముట్టుకోలేదు. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి నాన్నా అంతే. మనిషి ఇక్కడే ఉంటాడు. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ చప్పుడైతే చాలు, కళ్ళు మూసుకుని దానితోపాటు, ఇన్నేళ్ళు తను చెరకు తోలిన గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దాకా వెళ్ళొస్తాడు.

ఫిబ్రవరి 4, ఉదయం 11

నా పీసీకి బ్లూటూత్ లేదు. బజార్లో చిన్న డాంగిల్ కొన్నాను. షేర్ బటన్, మధ్య బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలట, లైటు గబగబా కొట్టుకునే దాకా. కొట్టుకుంది. కంప్యూటర్‌లో యాడ్ డివైస్ నొక్కాను. వైర్‌లెస్ కంట్రోలర్ అని పేరు తేలింది. క్లిక్ చేశాను. లైటు నిలబడింది.

పాత ఇంటిని మర్చిపోయింది, పాపం.

సాయంత్రం 5

ట్రాక్టర్ గేమ్ పెట్టాను. నాన్న ఎడమ బొటనవేలిని నేనే బండిని తిప్పే స్టిక్ మీద ఆనించాను. కుడిచేత్తో ఆయన యాక్సిలరేటర్ నొక్కాడు. ట్రాక్టర్ కదిలింది. పచ్చటి పొలంలో మెల్లగా ఎడమకి తిరిగింది.

అమ్మ గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాన్న మాత్రం స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

ఫిబ్రవరి 6

నాన్నతోపాటు చెరకు తోలిన పెదబాబు మావ వచ్చి చూశాడు. రమణ సెయ్యి కదిలిపోయిందిరా బాబూ అని ఈపాటికి రావికమతం దాకా చెప్పేసి ఉంటాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

చెయ్యి కదిలితే వినాయకుడికి కొబ్బరికాయలు కొడతానని అమ్మ మొక్కుకుందట. వచ్చే బుధవారం తీర్చేస్తానంది.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 2

నాన్న నిద్రపోతున్నాడు. కంట్రోలర్ దిండు పక్కన పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. స్క్రీన్ మీద ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రం ఎడమకి తిరిగే ఉన్నాయి.

స్టిక్ జోలికి పోకుండా యాక్సిలరేటర్ ఒక్కటే నొక్కాను. బండి ఎడమకే వెళ్ళింది. అలా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కర్టెన్‌లోంచి ఎండ పడి గదంతా బెల్లం రంగులో ఉంది. నాన్న గురక, ట్రాక్టర్ చప్పుడు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఎంతసేపు చూశానో తెలీదు.

స్టిక్ కింద గోరు పెట్టి గీకాను. ఎండిన పసుపు. స్టిక్‌ని ఎడమకి పట్టి ఉంచింది అదే, నాన్న వేలు కాదు.

ఫిబ్రవరి 9

చెప్పలేదు.

ఫిబ్రవరి 10

అమ్మకి చెబితే తన చేత్తో తనే పాడుచేశానని ఏడుస్తుంది. నాన్నకి చెబితే దీన్నీ తీసుకెళ్ళి బంతి పక్కన పెట్టేస్తాడు. ఇక జన్మలో ఏదీ పట్టుకోడు. నా భయమంతా అదే.

ఫిబ్రవరి 11, ఉదయం 10

రేపే మొక్కు. అమ్మ కొబ్బరికాయలకి బయల్దేరుతోంది. దేవుడి దగ్గర అబద్ధం ఆడించలేక నాన్నకి చెప్పేశాను.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ఒక పక్కకే వస్తుంది. బండి ఎడంకి లాగతందని మొదటి రోజే తెల్సే, ఇన్నేళ్ళు స్టీరింగ్ పట్టినోడికి ఆమాత్రం తెల్దేటి అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, మీ యమ్మ మొకం సూసేను అన్నాడు.

పసుపు తీసేద్దామని దూది ఇయర్‌బడ్ తెచ్చాను. కుడిచేత్తో నన్ను ఆపాడు. ఉండనీయే సంధ్యా, లాగతంటేనే గదా గట్టిగా పట్టుకోవాలనిపిస్తాది, మొదటిరోజు కాడ్నించి కుడికి తొయ్యాలనే సూస్తన్నాను అన్నాడు. ఆ మాటలన్నీ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. నేను ఇయర్‌బడ్ చెత్తబుట్టలో పడేశాను. నాన్న మీద ఇంత ప్రేమ ఉందని నాకే తెలీదు.

తర్వాత అమ్మని పిలిచాడు. బండి తిన్నగా ఎల్లినాక కొడుదువుగానిలే కాయలు, ఇప్పుడు కాదు అన్నాడు. అమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. సంచీ మడిచి లోపల పెట్టేసింది.

ఫిబ్రవరి 19

ఎడమకే. కంచెకి గుద్దుకుంది.

ఫిబ్రవరి 27

కల వచ్చింది. నాన్న చెరకు లోడుతో మా డాబా మీదుగా వెళ్తున్నాడు. కింద రోడ్డు లేదు. చక్రాలకి పసుపు రాసి ఉంది. నేను పిలిస్తే వెనక్కి తిరక్కుండా ఎడమ చెయ్యి ఊపాడు. లేచి ఆయన మంచం దగ్గరికి వెళ్ళి చూశాను. కళ్ళు మూసుకున్నాడు కానీ దుప్పటి మీద కంట్రోలర్ పట్టుకునే ఉన్నాడు. లైటు వెలుగుతోంది.

మార్చి 14, సాయంత్రం

స్క్రీన్ మీద పొలం. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే ఒక్క దుక్కి చాలు, తిన్నగా. స్టిక్ కింద పసుపు అలాగే ఉంది.

నాన్న అమ్మని పిలిచి కొబ్బరికాయలు తెమ్మన్నాడు.