జీపు ఎవరూ చూడలేదు

మార్చి 4, మంగళవారం

పొద్దున కిటికీ గట్టు మీద షూ పాలిష్ డబ్బా మూత తీసి ఉంది. ఇంట్లో ఉండేది నాన్న, నేను. ఇద్దరికీ చెప్పులే. మూత పెట్టేసి ప్రెస్‌కి వెళ్లాను, అక్క గీసిన బొమ్మల కేటలాగ్ ప్రూఫులు దిద్దడానికి.

మధ్యాహ్నం అక్కడికే కబురొచ్చింది. అక్క ఎగ్జిబిషన్‌ని పోలీసులు మూయించారట. మెషిన్‌మన్ ఒక జీపు వచ్చిందన్నాడు. సాయంత్రం బస్సులో అది మూడు జీపులైంది, బొమ్మలు కూడా చింపేశారట.

నాకు నమ్మకం కలగలేదు. పదిహేడు బొమ్మలకీ లేబుళ్లు రాసింది నేనే. వాటిలో ఒక్క మంత్రి లేడు, ఒక్క దేవుడు లేడు. అన్నీ గదులు.

మార్చి 5, ఉదయం 10

హాలు తలుపు మీద నోటీసు. పోలీసువారి ఆదేశానుసారం ప్రదర్శన నిలిపివేయబడినది. నంబరు లేదు, సంతకం లేదు. కింది అంచున చిన్న గంటు మాత్రం ఉంది. నేను పనిచేసేది ఈ హాలు ఆఫీసులోనే, అక్కడి కాగితాల కట్టర్ బ్లేడు ఒకచోట విరిగింది. నేను కోసే ప్రతి లేబుల్‌కీ అదే గంటు.

అంటే ఈ కాగితం మా గదిలోనే పుట్టింది.

జనం రావట్లేదని మేనేజర్‌గారు నాలుగు రోజులుగా సణుగుతున్నారు. మూయించారంటే ఎగబడి వస్తారు. పేపర్‌వాళ్లకి ఫోన్ చేస్తున్నారేమోనని తలుపు చాటున నిలబడి విన్నాను. డెంటిస్ట్‌తో మాట్లాడుతున్నారు.

సాయంత్రం

అక్క ఫోన్. ఆదివారం దాకే హాలు మనది, ఆ తర్వాత పదేళ్ల పనీ మళ్లీ అటకెక్కాల్సిందేనే అంది. ఏడవలేదు. స్టేషన్‌కి వెళ్లి కనుక్కోమంది. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదని తెలిసీ.

మార్చి 6

ప్రశ్న చీటీ మీద రాసుకెళ్లి చదివాను. స్టేషన్ రైటర్ నవ్వాడు. దొంగల్ని పట్టడానికే మనుషుల్లేక ఛస్తున్నాం తల్లీ, బొమ్మలు చూసే తీరిక ఎవడికుంది అన్నాడు. రిజిస్టర్ తిప్పి చూపించాడు. ఏమీ లేదు.

మేనేజర్‌గారిని నిలదీశాను. అంటే, కాన్వెంట్‌లో సిస్టర్ ముందు నిలబడ్డట్టు ఆయన టేబుల్ ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాను. చివరికి ఆయనే చెప్పారు. నోటీసు టైపు చేసింది తానేనట. యూనిఫాంలో వచ్చినవాడు మూసెయ్ అంటే, ఆర్డర్ ఏదీ అని అడిగే గుండె మీకుందామ్మా అన్నారు.

మార్చి 7

వాచ్‌మన్ తాతని అడిగాను. జీపూ లేదు గీపూ లేదు పాపా, సిటీ బస్సు దిగాడు అన్నాడు. ఒక్కడేనట. పెద్దాయనట. చొక్కా గుండీలు పొట్ట మీద పట్టలేదట. దగ్గరికెళ్తే కలరా ఉండల వాసనట. నేరుగా ఆరో బొమ్మ దగ్గరికి వెళ్లి, కుర్చీ వేయించుకుని గంటసేపు చూశాడట. లేచి మూసెయ్యమన్నాడట.

ఆరో బొమ్మ పేరు 'నడవా'. మూసిన తలుపు. మేకుకి వేలాడే బెల్టు. తలుపు కింది సందులో ఇద్దరు ఆడపిల్లల పాదాలు.

మార్చి 8, శనివారం

నోటీసు నేనే పీకేశాను. పదింటికి హాలు తెరిచాం.

నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై నాలుగేళ్లయింది.