రొయ్యల పచ్చడి పక్కన నీ ఫోటో

బందరు, మంగళవారం

అమ్మకి వందనాలు. నేను కులాసాగా ఉన్నాను. ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను.

వెబ్‌సైట్లు చేసి ఏం బతుకుతావని బెంగపడకు, పని బాగానే వస్తోంది. గిలకలదిండి నాజ్నీన్, వాళ్ళమ్మ పెట్టే రొయ్యల పచ్చడి అమ్మడానికి నాతో సైటు చేయించుకుంది. నమూనా పేజీ బోసిగా ఉందని, నువ్వు పెరట్లో రొయ్యలు ఒలుస్తున్న ఫోటో అందులో పెట్టాను. తీసేయడం మరిచిపోయి సైటు తెరిచేశాను. "ఈ పెద్దావిడేనా పచ్చడి పెట్టేది?" అని కొనేవాళ్ళు అడిగాక గానీ చూసుకోలేదు.

నాజ్నీన్ తిడుతుందనుకున్నాను. "ఉంచెయ్యక్కా, మా అమ్మ ఎలాగూ ఫోటో దిగదు" అని నవ్వేసింది. వాళ్ళమ్మ నాగూర్ బీ గారే ఒప్పుకోలేదు. "ఆవిడ నోట్లో పెట్టుకోని పచ్చడి, ఆవిడ మొహం చూపించి ఎలా అమ్ముతామమ్మా? ముందు ఆవిణ్ణి తిననివ్వండి" అన్నారు. అందాకా సైటు మూయించారు.

ఆదివారం పొద్దుటి బస్సులో సీసా పంపుతున్నాను, జీవన్ బావని తోట్లవల్లూరు స్టాండుకి పంపు. చెవి మిషన్ బాగు చేయించావా? వంటింట్లో కురవడం ఆగిందా?

వేడన్నంలో కలుపుకుని తిని, ఉన్నదున్నట్టు నీ చేత్తోనే రాయి. నా సైటు కోసమని బాగుందనకు. ఆ పాత చీరలో ఉన్న ఫోటో ఎందుకు పెట్టావని తర్వాత తిడుదువుగాని.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. నాగూర్ బీ గారు నీకు సలాం చెప్పమన్నారు. ఉప్పు చాలకపోతే మొహమాటపడకుండా రాయమన్నారు.

నీ సుచిత్ర