కడుపు నిండింది

2025 ఆగస్టు 4

ఈ రోజు మా చీరల దుకాణం ఫోన్ లైవ్‌లో నా బదులు తోటి సేల్స్ పిల్ల మానసను నిలబెట్టారు. నన్ను కెమెరా వెనక్కి పంపారు. మడతలు విప్పి చీరలు అందించడం, వెనక నుంచి మాట్లాడడం ఇకమీదట నా పని.

సేటు నిరంజన్ ఈ ముక్క చెప్పడానికి స్పెషల్ చాయ్ తెప్పించాడు. అప్పుడే అనుమానం వచ్చింది. లతమ్మా, నీ మాట మస్తుగుంటది, గద్వాల చీర గురించి నీలెక్క చెప్పేటోళ్లు లేరు, గని జనాలు చీరను చూడాలె గద, జర ఎన్క నుంచి మాట్లాడు అన్నాడు. జనాలు చీర మానేసి నన్ను చూస్తున్నారని ఆయన బాధ. మొన్న ఎవరో మహాతల్లి గోడకు చీర కట్టారేంటి అని కామెంట్ పెట్టింది. దాని కింద ఎన్ని నవ్వులో. ఆ కామెంట్ గట్టిగా చదివింది కూడా నేనే, లైవ్‌లో, ఫ్లోలో.

ఇంటికొచ్చి కోపంతో నాలుగు జొన్నరొట్టెలు తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలి రెట్టింపు. అమ్మ మాత్రం సంబరపడింది.

ఆగస్టు 7

ఫోన్ మన మనసులో మాట వింటుందంటారు, నిజమే. పొద్దున్నుంచీ బరువు తగ్గే ఇంజెక్షన్ ప్రకటనలే. డాక్టర్ ఆన్‌లైన్‌లోనే చూస్తుంది, మందు కొరియర్‌లో వస్తుంది, ఎక్కడికీ పోనక్కర్లేదు. స్టాక్ రూమ్‌లో చీరల మూటల మధ్య కూర్చుని యాప్‌లో వివరాలు నింపాను. బరువు నిజమే రాశాను. నా బరువు నిజం రాయడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 12, మధ్యాహ్నం

డాక్టర్ వీడియో కాల్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. రక్తపరీక్ష రిపోర్టులు చూసింది. థైరాయిడ్ గురించి అడిగింది, ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉందా అని అడిగింది. చివర్లో ఇంట్లో ఎవరితో ఉంటారు అంది. అమ్మతో అన్నాను. మీ తిండి బాగా తగ్గిపోతుంది, తెలియకపోతే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, అమ్మగారికి చెప్పి మొదలుపెట్టండి అంది.

చెప్పాను మేడమ్ అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో నోటికి.

ఆగస్టు 16

తెల్ల థర్మకోల్ డబ్బా, లోపల ఐస్ ప్యాకులు, వాటి మధ్య పెన్నులాంటి సూది మందు. ఇంట్లో ఫ్రిజ్ తలుపులో అమ్మ ఇన్సులిన్ ఉంటుంది. నాది కింద కూరగాయల అరలో, కొత్తిమీర వెనక దాచాను. అమ్మ చూడనే చూసింది. ఏందే బిడ్డా అది అంది. ఫేస్ క్రీమ్ అన్నాను. గింతే ఉన్నది, ఎన్ని దినాలొస్తదే అంది.

ఆగస్టు 17

బాత్రూమ్‌లో పొట్టకు గుచ్చుకున్నాను. ఇక ప్రతి ఆదివారం ఒకటి. నొప్పేం లేదు. అమ్మకు సూది వేసుకోవడం నేర్పిందే నేను, యూట్యూబ్ చూసి. వేసుకున్న అరగంటకల్లా తినాలి, ఏం మరిచినా సూది మాత్రం మరవొద్దు అని ఎన్నిసార్లు పాఠం చెప్పానో. ఇప్పుడు ఆమె హాల్లో అందరి ముందూ దర్జాగా వేసుకుంటుంది, నేను గడియ పెట్టుకుని దొంగలా వేసుకుంటున్నాను.

ఆగస్టు 24

చెప్పాలనే అనుకున్నాను. నోరు రాలేదు.

అమ్మానాన్నలు మానవపాడు నుంచి మేస్త్రీ వెంట పూణె పోయి మట్టి మోసినవాళ్లు. నాన్నకు అక్కడే దగ్గు పట్టింది, ఊరికొచ్చి పోయాడు. అమ్మ మోసిన ప్రతి తట్టా తిండి కోసమే. ఆ మనిషి ముందు కూర్చుని, అమ్మా, నేను జీతం డబ్బు పోసి ఆకలి కాకుండా మందు తెప్పించుకున్నాను అని ఎట్లా చెప్పను? ఆమెకు తెలుగులో చెప్పినా అర్థం కాదు. ఆకలిని పోగొట్టేది అన్నమని తప్ప ఆమెకింకేం తెలుసు.

ఆగస్టు 30

ఆకలి లేదు. నిండినట్టు కాదు, అసలు లేదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే, ఇంతసేపూ ఇంత చప్పుడు చేసిందా అనిపిస్తుంది కదా, అట్లా ఉంది. ఇన్నేళ్లు ఆ చప్పుడులోనే బతికాను.

సెప్టెంబర్ 9

అమ్మకు ఒక అలవాటు. నేను తిన్నాకే తింటుంది, నేను తిన్న కంచంలోనే. ఇంకో కంచం పెట్టుకోవే అంటే నవ్వి ఊరుకుంటుంది. ఈ మధ్య నేను నాలుగు ముద్దలకే కడుపు నిండింది అని లేస్తున్నాను. మిగిలిందంతా చూసి, ఏందే గింతేనా తినుడు, పిట్ట సుత నయం అంది.

దుకాణంలో తింటాలే అని టిఫిన్ కట్టించుకుపోతున్నాను. వెనక సందులో కుక్క ఒకటి బలుస్తోంది.

సెప్టెంబర్ 21

రెండుసార్లు వాంతి. జాకెట్ మాత్రం వదులైంది. ఏడుపూ సంతోషమూ ఒకేసారి.

అక్టోబర్ 5

దసరా గిరాకీతో ఊపిరాడలేదు. రోజూ రెండు లైవ్‌లు. మానస చీర కట్టి నిలబడుతుంది, నేను వెనక నుంచి గొంతు. పాపం మంచి పిల్ల. అక్కా, నువ్వు చెప్తుంటే నేను పెదవులు ఆడిస్తే సాలు అంటుంది.

యాప్‌లో డోసు పెంచారు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే లేవు అని నొక్కాను. ఉన్నాయంటే ఆపేస్తారేమోనని భయం.

అక్టోబర్ 12

ఆదివారం. చర్చి నుంచి వచ్చి అమ్మ నాటుకోడి వండింది. వాసనకే కడుపులో తిప్పింది. ఒక ముక్క నమిలి, కడుపు నిండిందమ్మా అన్నాను. ఆమె మిగిలిన ముక్కలను గిన్నెలోకి తీసి మూత పెట్టింది. దుకాణం మంచిగనే నడుస్తున్నదా అంది. నడుస్తోంది అన్నాను. సేటు మంచిగనే చూస్కుంటుండా అంది. చూసుకుంటున్నాడు అన్నాను. ఇదేం ప్రశ్న అనుకుని ఫోన్ తీసుకున్నాను.

అక్టోబర్ 19

అమ్మలో మార్పు. నేను తినే దాకా ఆగడం మానేసింది. నువ్వు లేవకముందే తిన్న, నువ్వు తిను అంటోంది. నాకు ప్రాణం తేలికైంది. ఆ ఎదురుచూపు ముందు కూర్చోవడమే పెద్ద నరకం. పైగా సూది వేసుకుని ఆమె నాకోసం ఆగకూడదు కదా.

అక్టోబర్ 28

మిషన్‌తో చూస్తే అమ్మ షుగర్ బాగా తగ్గింది. మనిషి కూడా కొంచెం తగ్గినట్టుంది. చూశావా, నా మాట వింటే ఎట్లుంటుందో అన్నాను. నవ్వింది.

నవంబర్ 6

సాయంత్రం వచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది, ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. ఎండకు మార్కెట్ దాకా పోయొచ్చిన అంది. అన్నం తిన్నావా అంటే తిన్న అంది. ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుని లేచి, నాకు చాయ్ పెట్టింది.

నవంబర్ 14

రేపు లైవ్‌లో నేనే!

పెళ్లిళ్ల సీజన్ మొదలు. సేటు నన్ను ఎగాదిగా చూసి, లతమ్మా, రేపు నువ్వే కట్టు, ఆ ముదురాకుపచ్చ పట్టు అన్నాడు. మానస నాకంటే ఎక్కువ గంతులేసింది. అమ్మకు ముందే చెప్పను. కింద వాటాలో ఉండే ఓనరు సుభద్రమ్మకు చెప్పాను, పదకొండింటికి అమ్మను పిలిచి నీ ఫోన్లో చూపించవా పెద్దమ్మా అని. కళ్లారా చూడనీ, బిడ్డ ఎట్లా ఉందో.

నవంబర్ 15, కర్నూలు, సాయంత్రం

పొద్దున అమ్మ కంచం పెట్టింది. తిరగమోత పెట్టిన అన్నం. జర తినిపో బిడ్డా అంది. కడుపు నిండింది అన్నాను, లేచి ఇంకా మొహం కూడా కడగలేదు, కడుపెట్లా నిండుతుంది? తొందరలో ఆ అబద్ధానికి తలా తోకా కూడా లేదు. అమ్మ తొడకు సూది వేసుకుంటోంది. అదొక్కటే నేను చూసింది.

లైవ్ గంటన్నర నడిచింది. అందరూ మెచ్చుకున్నారు. ఫోన్ సైలెంట్‌లో ఉంది. తీసి చూస్తే సుభద్రమ్మ కాల్స్. లైవ్ చూపిద్దామని పైకి పోతే అమ్మ వంటింట్లో పడి ఉందట. ఎప్పుడు పడిందో తెలియదు. కంచంలో అన్నం అట్లాగే ఉందట, మూత పెట్టి.

గద్వాల దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించి కర్నూలుకు పంపారు. ఇక్కడ డాక్టర్ మొదటి ప్రశ్న, ఇన్సులిన్ తీసుకున్నాక ఏం తిన్నది? తిన్నది సార్, నేను లేవకముందే తింటుంది అన్నాను. ఆయన తల ఊపలేదు. షుగర్ చాలాసేపు బాగా పడిపోయి ఉందమ్మా, మెదడుకు దెబ్బ తగిలింది, చూద్దాం అన్నాడు.

నవంబర్ 17

సుభద్రమ్మ వచ్చింది. అమ్మను చూసి ఏడ్చి, నన్ను వరండాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. చెప్పాల్నా వద్దా అని రెండు దినాల నుంచి కొట్లాడుకుంటున్న బిడ్డా అంది.

అమ్మ రోజూ ఆమె ఫోన్లో మా లైవ్ చూసేదట. నాకు తెలియదు. దసరా ముందు నుంచే అడుగుతోందట, సుభద్రమ్మా, నా బిడ్డ కనవడ్తలేదు, ఇంకో పోరి నిలవడ్తున్నది, నా బిడ్డను పక్కకు పెట్టినట్టున్నరు అని. గొంతు వినిపిస్తది గదనే అంటే, గొంతుకు ఎవరు పైసలిస్తరు అందట.

అమ్మ అన్న ఇంకో మాట కూడా చెప్పింది. పూణెల గిన్నెడన్నమే ఉంటే నేను బిడ్డకు పెట్టి, కడుపు నిండింది అనేదాన్ని సుభద్రమ్మా, మా ఆయన సుత గదే మాట అనేటోడు, ఇప్పుడు నా బిడ్డ నాకు గదే మాట చెప్తున్నది, ఇంట్ల గింజలు తక్కువైనయి, నాకు మిగలాల్నని తింటలేదు, నాకు తెల్వదా ఆ మాట అందట. బిడ్డకు మిగలాల్నంటే నేను తగ్గించుకోవాలె గద అందట.

సూది సంగతేందే అని అడిగితే, బిడ్డ మరవొద్దన్నది, మరవను అందట.

నేను లేవకముందే ఆమె ఏమీ తినలేదు. ఒక్కరోజు కూడా. డబ్బాలో బియ్యం ఉన్నాయి, మూత తీస్తే కనిపించేవి. కానీ ఆ మాట విన్నాక ఆమె బియ్యాన్ని నమ్మలేదు. నన్ను నమ్మింది.

నవంబర్ 18

ఐసీయూలో పదినిమిషాలు ఉండనిచ్చారు. చెవి దగ్గర చెప్పాను. అమ్మా, పని పోలేదు. బియ్యం ఉన్నాయి. ఫేస్ క్రీమ్ కాదు అది. అంతా చెప్పాను, మొదటి నుంచి. నర్సు గట్టిగా మాట్లాడొద్దంది.

నవంబర్ 20

అమ్మ పోయింది.

నవంబర్ 22, మానవపాడు

నాన్న పక్కనే పెట్టాం. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. చర్చి ఆడవాళ్లు అన్నం, పప్పు వండి తెచ్చారు. ఒక ముసలామె నా నోటికి ముద్ద అందించింది. దవడ కదల్లేదు. నాలుగు రోజుల నుంచి మెతుకు ముట్టలేదట, తల్లంటే ఎంత ప్రేమో, ఎంత పావురమో సూడండి అని నన్ను చూపించి ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు.

దుఃఖం కాదు. మందు. పోయిన ఆదివారం వేయాల్సిన డోసు వేయలేదు, అయినా ఇంకా ఒంట్లో ఉంది. అందరి ముందూ లేచి అరవాలనిపించింది. అమ్మ చచ్చిపోతే దుఃఖంతో తినకుండా ఉండే అదృష్టం కూడా నేను పోగొట్టుకున్నాను. చెప్పినా ఎవరికి అర్థమవుతుంది? మళ్లీ అదే, ఎవరికీ చెప్పకపోవడం. తల వంచుకుని కూర్చున్నాను.

డిసెంబర్ 3

మీ తరువాతి డోసు సిద్ధంగా ఉంది అని యాప్ మెసేజ్. ఆపేస్తాను అని నొక్కితే కారణం అడిగింది. ఖర్చు ఎక్కువ, ఇబ్బందులు, లక్ష్యం చేరుకున్నారు. నాది అందులో లేదు. ఫోన్ పక్కన పెట్టేశాను.

సేటు ఫోన్ చేసి, లతమ్మా, ఎప్పుడు రావాల్ననిపిస్తే అప్పుడే రా, జల్దీ లేదు అన్నాడు. పాపం ఆయన తప్పేముంది. డాక్టరమ్మ తప్పూ లేదు, చెప్పమనే చెప్పింది.

డిసెంబర్ 11

సుభద్రమ్మ అన్నం పంపింది. తిన్నాను, మాత్ర మింగినట్టు. అమ్మ చీరలు మడతపెట్టాను. ఇన్నేళ్లు పట్టుచీరలు అమ్మాను, ఆమెకు ఒక్కటీ లేదు. నీకెందుకే అంటే నేనూ సరే అనుకున్నాను. ఆమె వద్దన్న ప్రతిదాన్నీ వద్దనే అనుకున్నాను.

డిసెంబర్ 19, పొద్దున

ఆకలేసింది.

బాగా ఆకలేస్తోంది. ఎవరికి చెప్పను?