పూత మీద బేరం

జనవరి 20, మంగళవారం

మా ఫ్యాక్టరీ ఆఫీసుకి వైజాగ్ నుంచి కస్టమ్స్ బ్రోకర్ ఫోన్. ఏప్రిల్ నుంచి ఆఫ్రికా జీడిపిక్కల మీద డ్యూటీ పెరుగుతుందట. ప్రతి లోడుకీ ఏదో కొత్త సర్టిఫికెట్ కూడా కావాలట. ఇంకా బయటికి రాలేదు, మీ సార్‌కి మాత్రం చెప్పండి అన్నాడు.

చెప్పాను. ఓనర్ గణపతిరావు గారు లేచి తలుపు దగ్గరికేశారు. మా ఫ్యాక్టరీలో కోసే పిక్కల్లో సగానికి పైగా ఓడెక్కి వచ్చినవే. అవి ప్రియమైతే ఇక ఉద్దానం పిక్కలే దిక్కు. ఈ సంగతి ఉద్దానం రైతుల చెవిన పడితే అవీ ప్రియమే. అందుకే ఎవరికీ చెప్పొద్దన్నారు. సరే అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మకి చెప్పాను. ఆ 'ఎవరికీ'లో అమ్మని కలపలేదు.

జనవరి 21

సార్ ప్లాన్ చెప్పారు.

మా వైపు జీడితోటలు పూత మీదే అమ్మేస్తారు. చెట్టు పూయగానే షావుకారు వచ్చి తోటంతా తిరుగుతాడు, రేటు చెప్పి అడ్వాన్స్ చేతిలో పెడతాడు. కాగితం ఉండదు. తర్వాత పిక్క బంగారమైనా రైతు నోరు మెదపడు. మాట తప్పితే మరుసటి ఏడు ఎవరూ ఆ తోట మొహం చూడరు.

కబురు పొక్కేలోపు తోటలన్నీ పాత రేటుకే పట్టెయ్యాలట. ముందు విక్టర్ మావ తోట. ఆయన ఊఁ అంటే ఊరంతా ఊఁ అంటుంది. ఆయన అమ్మకి సొంత అన్న. కాబట్టి నేనే వెళ్లాలి, వచ్చే మంగళవారం.

వేరేవాళ్లని పంపండి అన్నాను. సార్ కోప్పడలేదు, అదే ఇబ్బంది. పిక్కలు దొరక్కపోతే ముందు ఆగేది కటింగే కదమ్మా అన్నారు మెల్లగా. అమ్మది కటింగ్ సెక్షనే. ఆయన బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పారు.

జనవరి 22

పని నుంచి వచ్చి అమ్మ చేతులు కడుక్కుంటుంటే అడిగాను, ఏం చెయ్యమంటావని. జీడి నలుపు కడిగితే పోదు. అయినా రోజూ సబ్బు పెట్టి కడుగుతుంది.

నాన్న పోయాక ఇల్లు నిలబడింది అమ్మ కటింగ్ మిషన్ ముందు కూర్చోబట్టి. నేను డిగ్రీ చదివింది మావ చదివించబట్టి. ఎవరి కడుపు కొట్టమంటారు నన్ను?

పార్దన సేద్దుమే అంది అమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. కాలు బెణికినా అదే మందు, కరెంటు పోయినా అదే మందు. కస్టమ్స్ వాళ్లు నీ ప్రార్థన వింటారా అన్నాను. నవ్వి, చేతులు తుడుచుకుంది.

జనవరి 23, శుక్రవారం

ఇప్పుడే ఇంటికొచ్చాం. రాయకుండా నిద్రపోలేను.

ఈ వారం ప్రార్థన కూటం మావ ఇంట్లో. మేమిద్దరం కాశీబుగ్గ నుంచి ఆటోలో వెళ్లాం. సంఘమంతా వచ్చింది. ఆ ఊళ్లో సంఘం అంటే జీడిరైతులే.

పాటలయ్యాక పాస్టర్ గారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. బేబీ పిన్నికి మోకాలి నొప్పి. బెన్హర్‌కి కానిస్టేబుల్ పరీక్ష. తర్వాత అమ్మ లేచింది. కొంగు నెత్తి మీదకి లాక్కుని, మా పేక్టరీ గురించి పార్దన సెయ్యండి అంది. ఏప్రిల్ నుండి పైదేశం పిక్కల మీద సుంకం పెరిగిపోతాదట, ఆ పిక్కలు రావట, మన ఉద్దానం పిక్కలకి సేనా గిరాకీ వస్తాదట, మరి కటింగోళ్ల బతుకు ఏటవుతాదో పెబువుకే తెలవాల అంది. కూర్చుంది.

పాస్టర్ గారు కళ్లు తెరిచి చూశారు. ఆయనకీ తోట ఉంది.

మోకాలి గురించి, కానిస్టేబుల్ పరీక్ష గురించి ఆయన వివరంగా ప్రార్థించారు. ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి నీ చిత్తమే జరుగును గాక అని ముగించారు. అంత గట్టి ఆమేన్ ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

తిరుగు ఆటోలో అమ్మని నిలదీశాను. దేవుడికి సెప్పేను గాని మనుసులకి సెప్పేనేటి అంది. అటు తిరిగి కూర్చుంది.

జనవరి 27

వెళ్లాను. మావ టీ ఇచ్చాడు, తోట తిప్పాడు. పూత విరగబూసింది. రేటు చెప్పాను. ఈ ఏడు పూత మీద ఇయ్యలేనమ్మా, పిక్క రాలినాక సూద్దుం అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. నాకు ప్రాణం తేలికపడింది, ఆ వెంటనే సిగ్గేసింది.

మిగతా తోటల్లోనూ అదే మాట.

నువ్వేమైనా చెప్పావా అని సార్ అడిగారు. మావకి నేనేం చెప్పలేదండీ అన్నాను. అది నిజమే.

ఫిబ్రవరి 19

వైజాగ్‌లో ఆఖరి కంటైనర్లు దిగాయి. ఇక తెప్పించను అన్నారు సార్.

మార్చి 14, శనివారం

ఓడ పిక్కలు అయిపోయాయి, కటింగ్ ఆపేశారు. సార్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, సరుకు వస్తే కబురు పెడతానన్నారు. అమ్మ వంతు వచ్చేసరికి నేను స్టాక్ రూములోకి పోయాను.

ఇంట్లో అడిగేశాను. తెలిసే చేశావా?

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మా అన్న పెతీ ఏడూ పూత సూసే అమ్మేసుకున్నాడే, ఒక్కేడైనా పిక్క సూసి అమ్ముకోనీ అంది. మరి నీ పని అన్నాను. అది కూడా సెప్పుకున్నాను కదేటి కూటంలో, పెబువే సూసుకుంతాడు అంది.

కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. మావకి చెప్పాల్సింది నేను. నా నోరు పెగలదని తెలిసి, తన పని పోతుందనీ తెలిసి, అమ్మ చెప్పింది.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

పని ఆగి మూడు వారాలైంది, అమ్మ వేళ్ల నలుపు పోయింది. చర్చిలో చేతులు రెండూ కొంగులో దాచుకుని కూర్చుంది. నల్లగా ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ దాచుకోలేదు.