మేకుకున్న నీ చొక్కా

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇన్నాళ్లకు ఈ రోజు, సబ్బవరం దొడ్లోని నీ పొట్టేళ్లను అమ్మాం. వాటిని అమ్మి మేత కొనకపోతే మిగతా మంద నిలవదని వదిన ఎప్పట్నుంచో అంటోంది. నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

బేరగాడు వ్యాను తెచ్చాడు. అతన్ని చూసి పొట్టేళ్లు మూలకు చేరాయి. నేను పిలిచినా, వదిన పిలిచినా కదల్లేదు.

"ఏటి మేడమ్, మీ అన్న పిలిత్తే ఎనకాలే వొచ్చీవి. మీరు కాలేజీలో పాటం సెప్తన్నట్టు పిలుత్తన్నారు," అని నవ్వాడు.

వదిన లోపలికి వెళ్లి మేకుకున్న చొక్కా తెచ్చింది. ప్లాంటు ఉద్యోగం మానేశాక నువ్వు రోజూ దొడ్లో వేసుకు తిరిగిన నీలం యూనిఫాం చొక్కా.

"ఇదేసుకో. ఆటికి వాసన సాలు."

వేసుకున్నాను. నా వెనకాలే నడిచి వ్యాను ఎక్కాయి. చివరిది నువ్వు ఉలవలు ఉంచే జేబులో మూతి పెట్టి వెతికింది. అందులో ఏమీ లేదు.

నువ్వైనా అమ్మేవాడివే. కానీ అప్పుడు వాటిని పిలిచేది నిజంగా నువ్వే కదా. నేను చేసింది అమ్మకమో మోసమో తేల్చుకోలేకపోతున్నాను.

సాయంత్రం చొక్కా ఉతుకుతానంటే వదిన నా చేతిలోంచి లాక్కుంది.

"వొద్దు. వాసన పోతే మంద కదల్దు."

మళ్లీ మేకుకు తగిలించి, దాని మీద చెయ్యి తియ్యకుండా కాసేపు నిలబడింది. వాసన మంద కోసమేనా అని నేను అడగలేదు.