వెనక్కి వాలిన అక్షరాలు

ఫిబ్రవరి 9

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం, ఓట్స్ సంచి రెండూ అందాయి. ఫోన్ చేయొచ్చు కదా అని అడిగావు. ఫోనులో నేనేం మాట్లాడినా మా పిచ్చుక చెవులు రిక్కించి వింటుంది. తన గురించేనని తెలిస్తే చాలు, పది నిమిషాల్లో మెడంతా ఎర్రగా గీరేసుకుంటుంది. ఆరేళ్ల పిల్లకు చాటుగా మాట్లాడాలంటే కాగితమే దిక్కు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఓట్స్ పలచటి బట్టలో మూటకట్టి గోరువెచ్చటి నీళ్లలో పిండుతున్నాను. పది నిమిషాలు కూర్చోబెట్టి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె రాస్తున్నాను. సెంటు సబ్బు పారేశాను. మరమ్మతుకొచ్చే ఉన్ని కోట్లన్నీ ముందుగదిలోకి మార్చి, కుట్టుమిషన్ కూడా అక్కడికే లాగాను. మంట తగ్గింది గానీ తామర పోలేదు. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక ఎప్పటిలాగే పచ్చిగా ఉంది. గోళ్లు మొదలంటా కత్తిరిస్తే మంచం కోడుకు రుద్దుకుంటోంది.

మీ బావ లిఫ్టులు బిగించే పనిమీద మూడు నెలలు వేరే ఊరు వెళ్లాడు. వెళ్తూ, "పిల్ల ఒళ్లు గోక్కుంటుంది, నువ్వు బుర్ర గోక్కుంటావు, ఇంట్లో నాకేం పని?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు నిద్ర లేదు, అందుకే నవ్వూ లేదు.

తిండిలో ఏదో పడటం లేదేమోనని నా అనుమానం. ఆసుపత్రి వంటశాలలో రోజుకు రెండొందల మందికి పథ్యం వండేదానివి. ఏం మానిపించాలో నువ్వే చెప్పాలి.

నీ అక్క

*

ఫిబ్రవరి 17

అక్కా,

పథ్యం అనేది కత్తెర లాంటిది. నీకంటే బాగా ఎవరికి తెలుసు, కత్తిరించడం తేలిక, మళ్లీ అతకడమే కష్టం.

ముందు ఒక నోటు పుస్తకం కొను. ఎడమ పేజీలో పిచ్చుక తిన్నవి, కుడి పేజీలో ఒళ్లెలా ఉందో రాయి. పిల్లల డాక్టరుకు చూపించు. ఆవిడ సరేనంటే ఒక్కటంటే ఒక్కటి మాన్పించి మూడు వారాలు చూడు. తర్వాత మళ్లీ పెట్టి చూడు. అన్నీ ఒకేసారి తీసేస్తే దొంగ ఎవరో తెలియదు, ఇల్లు మాత్రం ఖాళీ అవుతుంది.

నాకూ చిన్నప్పుడు ఇదే ఉండేదట కదా. నాకేమీ గుర్తు లేదు. అమ్మ ఏం చేసి తగ్గించిందో నీకేమైనా గుర్తుంటే అదీ రాయి. పిచ్చుకకు నా ముద్దులు. గోక్కోని చోట మాత్రమే ఇవ్వు.

నీ చెల్లి

*

మార్చి 12

ప్రియమైన చెల్లీ,

ఇది చదివి నవ్వకు.

పుస్తకం కొన్నాను. నాకు గుడ్డు మీద అనుమానం. డాక్టరమ్మ సరేనన్నాక గుడ్డు మాన్పించి, రోజూ రాస్తూ వచ్చాను. మార్పేమీ లేదు. పోయిన నెల చివర్లో, ఒక మధ్యాహ్నం, మిషన్ ముందు కూర్చునే చిన్న కునుకు తీశాను. లేచి చూస్తే పుస్తకం నా పక్కనే తెరిచి ఉంది. కుడి పేజీలో, నా రాత కింద, ఇంకెవరిదో రాత.

"గుడ్డు కాదు. పాలు."

పెన్సిలుతో గట్టిగా ఒత్తి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. అన్నీ వెనక్కి వాలి ఉన్నాయి, ఎవరో వాటిని ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసినట్టు. తలుపు లోపలినుంచి గడియ వేసే ఉంది. ఇంట్లో నేనూ పిచ్చుకా తప్ప ఎవరూ లేరు. పిచ్చుకకు ఇంకా గుణింతాలే సరిగా రావు.

భయమేసింది. అయినా పాలు మానిపించాను. పన్నెండు రోజులైంది. మోచేతుల మడతల్లో కొత్త చర్మం వచ్చింది చెల్లీ! లేత గులాబీ రంగులో, పుట్టినప్పటి చర్మంలా. మూడేళ్లలో మొదటిసారి పిచ్చుక తెల్లారేదాకా కదలకుండా పడుకుంది.

ఎవరు రాశారో తెలిస్తే కాళ్లకు దణ్ణం పెడతాను.

అమ్మ సంగతి అడిగావు. నాకూ ఏమీ గుర్తు లేదు.

నీ అక్క

*

మార్చి 20

అక్కా,

నవ్వలేదు. బట్టలివ్వడానికి వచ్చిన వాళ్లెవరైనా ముందే రాసిపెట్టి ఉంటారు, నువ్వు అప్పుడే చూసి ఉంటావు. అంతకుమించి ఆలోచించకు.

పాలు పడకపోవడం చాలామంది పిల్లల్లో ఉన్నదే. మంచిదే జరిగింది. కానీ పాల వల్ల వచ్చే బలం ఇంకో దారిలో రావాలి. డాక్టరమ్మకు చెప్పు. గుడ్డు మళ్లీ మొదలుపెట్టు, దానికి ఏ పాపమూ తెలియదు. నన్ను అడక్కుండా ఇంకేదీ మానిపించొద్దు. మాటివ్వు.

నీ చెల్లి

*

ఏప్రిల్ 24

ప్రియమైన చెల్లీ,

నెల దాటిపోయింది, కోప్పడకు. రాయడానికి కూర్చుంటే కళ్లు వాలిపోతున్నాయి.

ఆ రాత ఆగలేదు. నాలుగైదు రోజులకొకసారి, ఎప్పుడూ మధ్యాహ్నమే, వీధి సద్దుమణిగిన వేళ. "గోధుమ కూడా" అని వచ్చింది. తర్వాత అరటిపండు. తర్వాత పప్పు. నేను గుడ్డు మళ్లీ పెట్టిన వారానికి "గుడ్డు కూడా" అని వచ్చింది, ఈసారి కాగితం చిరిగేంత ఒత్తిడితో. మాన్పించిన ప్రతిసారీ ఒళ్లు ఇంకాస్త నున్నబడింది. ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు. ఆ రాత ముందు మన డాక్టరమ్మ ఎంత? నేను మళ్లీ వెళ్లలేదు.

నీకొక్కదానికే చెప్తున్నాను. అది అమ్మ అనుకుంటున్నాను. బతికుండగా అమ్మకు రాయడం రాదని నాకూ తెలుసు. అయినా ఆ మాటల తీరు అమ్మదే. ఒక్క పొల్లు మాట ఉండదు.

పిచ్చుకను ఇప్పుడు చూస్తే పోల్చుకోలేవు. పింగాణీ బొమ్మలా మెరిసిపోతోంది. గోక్కోదు, అల్లరి చెయ్యదు, మెట్ల మీద పరిగెత్తదు. ఎండ పడే చోట కుర్చీ వేస్తే సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటుంది. ఎంత బుద్ధిమంతురాలైందో!

నీ అక్క

*

ఏప్రిల్ 28

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చర్మం సంగతి వద్దు. పిచ్చుక నిన్న పొద్దున్నించి పడుకునేదాకా ఏం తిందో రాయి. బరువెంతో రాయి. మెట్లెక్కితే ఆయాసపడుతోందా? బావకు ఇదంతా తెలుసా?

ఈ ఉత్తరం అందిన గంటలో జవాబు రాసి పోస్టు చెయ్యి.

నీ చెల్లి

*

మే 3

చెల్లీ,

ఎందుకంత కంగారు? బియ్యపు గంజి, ఉడికించిన పియర్ పండు. సరిపోతోంది. ఆకలి కూడా అనడం లేదు. బరువు చూడలేదు. మీ బావకు పనిలో మనసు చెదురుతుందని చెప్పలేదు.

నిన్న "పియర్ వద్దు" అని వచ్చింది. రేపటినుంచి మానేస్తున్నాం. ఒంటి మీద ఆవగింజంత మచ్చ లేదు.

అక్క

*

మే 5

అక్కా,

ఉన్నదాంట్లోంచి ఇంకేదీ తగ్గించకు. ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో తెలియదు. బండెక్కుతున్నాను.

చెల్లి

*

మే 27

ప్రియమైన అక్కా,

నేను తిరిగొచ్చి పది రోజులు. అక్కడున్నన్నాళ్లూ నీతో చెప్పలేకపోయిన మాట ఒకటుంది. బావకు చెప్పాను. నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం రాలేదు. ఇప్పుడు పిచ్చుక కోలుకుంటోంది కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నేను వచ్చిన రోజు తలుపు తీసింది పిచ్చుకే. "పిన్నీ, నా చెయ్యి చూడు, ఎంత నున్నగా ఉందో" అంది. ఎత్తుకున్నాను. ఉతికి ఆరేసిన బట్టల మూట కూడా అంతకంటే బరువుంటుంది. నువ్వు ముందుగదిలో మిషన్ దగ్గర ఉన్నావు. నన్ను చూసి నవ్వి, "టీ పెడతానుండు" అని లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయావు. కళ్లు మూసుకున్నావు. ఎన్నాళ్ల నిద్రో అది. లేపాలనిపించలేదు.

మూడు గంటలవుతోంది. ముందు నీ ఎడమ చెయ్యి కదిలింది.

గుడ్డముక్కల కింద నుంచి పుస్తకాన్ని లాగింది. పెన్సిలు వెతుక్కుంది. నీ తల కుర్చీకి ఆని ఉంది, కళ్లు మూసే ఉన్నాయి. చెయ్యి ఒక్కటే మెలకువగా ఉంది. పెదవులు కదులుతుంటే దగ్గరికెళ్లి విన్నాను. "రాశానమ్మా... రాశాను" అంటున్నావు. ఆ గొంతు నీదే. కానీ దెబ్బలు పడతాయని భయపడుతున్న చిన్నపిల్ల గొంతు.

నేను కేక పెట్టబోయాను. పిచ్చుక నా కొంగు లాగింది. "ష్, పిన్నీ. అమ్మ రాసుకుంటోంది. ఎప్పుడూ ఇంతే" అంది.

దానికి మొదట్నించీ తెలుసక్కా. దాన్ని ఎవరూ అడగలేదు, అంతే.

నువ్వు రాసింది ఒక్కటే మాట. "గంజి."

ఇక మిగిలింది అదొక్కటే కదా. పుస్తకం లాక్కుని, పిల్లను ఎత్తుకుని, నిన్ను లేపి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మిగతాదంతా నీకు తెలుసు. తొమ్మిది రోజులు చేతికి సూది, చెంచాలతో ద్రవాలు, "ఇంకో వారం ఆగి ఉంటే" అని సగంలో ఆపేసిన డాక్టరమ్మ మాట.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. నాకు కావలసింది ఒక్కటే. నిద్రలో నీతో ఎవరు రాయిస్తున్నారు? ఏమీ గుర్తు లేదని ఇంకోసారి రాయకు.

నీ చెల్లి

*

జూన్ 20

ప్రియమైన చెల్లీ,

అక్షరాలు చూసి బెదరకు. మెలకువగానే ఉన్నాను. మీ బావ ఎదురుగా కూర్చుని మిషన్‌కు నూనె వేస్తున్నాడు. పని ఇక్కడికే మార్పించుకున్నాడు. కావాలనే ఎడమ చేత్తో రాస్తున్నాను. నాకు పదేళ్లప్పుడు బడిలో టీచరు ఈ చేతిని బల్లకు కట్టేసి కుడి చేత్తో రాయడం నేర్పింది. అంతకు ముందు రాసినవన్నీ ఈ చెయ్యి దగ్గరే ఉండిపోయినట్టున్నాయి. నా దగ్గర లేవు. అందుకే దాన్నే అడుగుతున్నాను.

అప్పుడు నీకు మూడేళ్లు, నాకు తొమ్మిది. నీ ఒళ్లంతా పుండ్లు. అమ్మకు రాయడం రాదు. ఎవరు ఏం చెప్తే అది మానిపించేది, నాతో పుస్తకంలో రాయించేది. "గుడ్డు కాదు. పాలు. రాయి." "గోధుమ కూడా. రాయి." పాలు మానేశాక నీకు నిజంగానే చాలా తగ్గింది. దాంతో అమ్మకు నమ్మకం కుదిరింది.

నువ్వు ఆకలికి ఏడ్చేదానివి. వినలేక, ఒకరోజు నా గోధుమరొట్టె ముక్క నీకు చాటుగా పెట్టాను. సాయంత్రానికి నీ మెడ మీద దద్దుర్లు లేచాయి. అమ్మ నా భుజాలు పట్టుకుని, "ఏం పెట్టావే?" అంది. "ఏం పెట్టలేదమ్మా" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే అరటిపండే. రాయి" అంది.

రాశాను.

నాలుగు రోజులకు మళ్లీ నీ ఏడుపు. మళ్లీ రొట్టె, మళ్లీ దద్దుర్లు. "ఏం పెట్టావే?" "ఏం పెట్టలేదు." "అయితే పప్పు. రాయి." నేను జాలిపడి ఒక ముక్క పెట్టినప్పుడల్లా నీ కంచంలోంచి ఇంకోటి పోయేది. ఒక్కసారి నిజం చెప్తే ఆగిపోయేది. దెబ్బలకు భయపడి చెప్పలేదు. చివరికి నువ్వు నిలబెడితే నిలబడలేకపోయావు. నాన్న నిన్ను తువ్వాలులో చుట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఆ రోజు అమ్మ పుస్తకం పొయ్యిలో వేసింది. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ చనిపోయేవరకు తప్పంతా తనదే అనుకుంది. నేను అలా అనుకోనిచ్చాను.

పిచ్చుక పుస్తకంలో వచ్చినవి అవే మాటలు చెల్లీ. చాలావరకు అదే వరస. దయ్యమేమీ లేదు. అమ్మా కాదు. అబద్ధం చెప్పి తలొంచుకుని రాసిన తొమ్మిదేళ్ల పిల్ల, ఇంకా రాస్తూనే ఉంది.

నిజానికి దయ్యమైతే నాకు ఇంత భయం ఉండేది కాదు.

పిచ్చుక ఇప్పుడు పదిహేడు కిలోలు. పాలు ఒక్కటే పడవని తేలింది. డాక్టరమ్మ మిగతావన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించింది. గుడ్డుకు ఏమీ కాలేదు. అరటిపండు ఒలిచి ఇస్తే తొక్క కూడా నాకేసింది. పోయిన శుక్రవారం గోధుమరొట్టె పెట్టాను. శనివారానికి మోకాలి వెనక నాణెమంత ఎరుపు. డాక్టరమ్మ ముందే చెప్పింది, అంతమాత్రానికి కంచం ఖాళీ చెయ్యొద్దని. ఆ రోజు నేను చెప్పకుండానే నా ఎడమ చెయ్యి బల్ల మీద తడుముకోవడం చూశాను. పట్టుకుని దానితోనే పిల్లకు మందు రాశాను. రాస్తూ, ఇప్పుడు నీకు రాసిందంతా, నోటితో మీ బావకు చెప్పాను. ఆయన లేచి వెళ్లి నాకు కంచంలో అన్నం పెట్టుకొచ్చాడు. నేను కూడా ఎన్నాళ్లుగానో సరిగా తినలేదని అప్పుడు తెలిసింది.

"అమ్మా, దురదగా ఉంది. కాస్త గోక్కోనా?" అంది పిచ్చుక.

"కాస్త గోక్కో" అన్నాను.

రెండుసార్లు గోక్కుని, ఇంకో రొట్టె ముక్క నోట్లో కుక్కుకుని, దబదబా మెట్లు దిగిపోయింది.

నీ కంచంలోంచి అన్నీ తీసినదాన్ని నేను. క్షమించమని అడగను. కోపమొస్తే వచ్చినంత రాయి. దాచకుండా అన్నీ చదువుతాను.

నీ అక్క